దత్తమండలములను కొలిచిన మన్రో దొర

కడప, అనంతపురము, బళ్లారి సీమలలో మగబిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనుట యొకప్పుడు వాడుకగా నుండెను. శిస్తు వసూలు చేయవచ్చిన దొర పేరును శిస్తు కట్టిన రైతులు తమ కొడుకులకు పెట్టుకొనుట లోకములో అరుదు. మన్రో పూర్వజన్మమున మాండవ్య ఋషి యని కొందరును, గండి కొండల నడుమ బంగారు తోరణమును కన్నులార చూచెనని కొందరును, మంత్రాలయమున రాఘవేంద్రస్వామి దర్శనమందెనని మరికొందరును చెప్పుకొందురు. తిరుమలలో మన్రో గంగాళము పేరు విననివారు తక్కువ. ఈ కథలలో చేరని పని యొకటి ఆయన చేసెను. పెన్న, చిత్రావతి, పాపఘ్ని తీరముల పొలములన్నియు కొలిపించెను. ఆ కొలత నిజమో కాదో, తాను స్వయముగా చూడగలిగిన కొద్ది భాగమునుబట్టి తెలిసికొనుటకు మార్గము వేసెను. అట్టి లెక్కలలో ఆయన ఎక్కడ నెగ్గెనో, ఎక్కడ తప్పెనో ఎరిగినగాని మన్రో జీవితము తెలిసినట్లు కాదు.

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వర్తకము చేయువాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధము రాగానే ఆ వర్తకము కూలిపోయి కుటుంబము చితికెను. గ్లాస్గో విశ్వవిద్యాలయమున గణితమునందును రసాయనశాస్త్రమునందును ఆసక్తి చూపిన కుమారుడు జీవనోపాధికై తూర్పు ఇండియా కుంఫిణీ సైన్యమున చేరి, 1780 జనవరిలో చెన్నపట్టణమున దిగెను. అప్పటికి పందొమ్మిదేండ్లు నిండలేదు. వచ్చిన యేడే హైదరాలీతో యుద్ధము. అటుపై పండ్రెండేండ్లు సైనిక జీవితమే. ఆ నడుమ హిందూస్థానీ, పారసీ భాషలు నేర్చెను. 1792లో టిప్పు సుల్తానునుండి సేలము ప్రాంతపు బారామహలు కుంఫిణీ వశమైనప్పుడు అలెగ్జాండరు రీడు అను అధికారి క్రింద శిస్తు పనికి నియమింపబడెను. పొలమును కొలిచి, రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించుకొను రైతువారీ పద్ధతి ఆయన చేతికి పట్టుబడినది అక్కడనే. 1799లో కొంతకాలము కన్నడ జిల్లాలో పనిచేసి, 1800లో మన సీమకు వచ్చెను.

ఆ యేడు అక్టోబరు 12 నాటి ఒడంబడికతో హైదరాబాదు నిజాము బళ్లారి, అనంతపురము, కడప సీమలను, కర్నూలు సీమలో కొంత భాగమును కుంఫిణీకి ఇచ్చివేసెను. దత్తమండలములను పేరు ఆనాడు వచ్చినదే. 1928లో నంద్యాలలో రాయలసీమ యను పేరు పెట్టుకొనువరకు అదియే నిలిచెను. మన్రో ఈ మండలములన్నిటికి ముఖ్య కలెక్టరు. ఆయన క్రింద నలుగురు సహాయ కలెక్టర్లు. ఇరువదివేల చదరపు మైళ్లకు మించిన దేశము. అందు ఎనుబదిమంది పాలెగార్లు. పాలెగార్ల విషయమున మన్రో చేయి కఠినమైనదని చెప్పక తప్పదు. కోటలు తీసికొని, బలగములు చెదరగొట్టి, కొందరిని తరిమి, కొందరికి పింఛనులిచ్చెను. నొస్సము పాలెగారి వంశమునకు చెందిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరుగబడుటకు ఆ పింఛనుల తగవే ఒక కారణము. మన్రోను ఋషిగా చేసిన కథలు పాలెగార్ల యిండ్లలో పుట్టినవి కావు.

పాలెగార్లు అణగినను అసలు చిక్కు తీరలేదు. గ్రామములలో ఎంత నేల యున్నది, అందు సాగుబడి యెంత, పండునదెంత? ఈ మూడు ప్రశ్నలకు కచేరిలో జవాబు లేదు. జవాబున్నది కరణముల దస్త్రములలో. పాలకులు పలుమార్లు మారిన సీమలో నిజమైన లెక్క ఇంటి అటకమీదను, వేరొక లెక్క కచేరిలోను ఉండుట వింత కాదు. జమ్మలమడుగు దాపున పెన్న యొడ్డు నల్లరేగడి ఒక తీరు. పులివెందుల వైపు గరప నేలలు వేరొక తీరు. బావిక్రింది తోటలు ఇంకొక తీరు. ఒక గ్రామము చూచి ఇంకొక గ్రామమును ఊహించుటకు వీలులేదు. మొదటి రెండేండ్లు మన్రో పాత దస్త్రములను, గ్రామమునకు గ్రామమునకు నడుమనున్న పోటీ మాటలను పోల్చి చూచి, అంచనామీద జమాబందీ చేసెను. గుడారములలో నివసించుచు ఏటేట గ్రామముల వెంట తిరిగెను. అంచనా అంచనాయే యని ఆయనకు తెలియును.

1802 జూనులో పైమాయిషీ ఆరంభమయ్యెను. నేల కొలత తెలిసిన గుమాస్తాలు దత్తమండలములన్నిటిలో అప్పటికి నలుగురు. వారిచేత ఇతరులకు నేర్పించి, ఏడాది చివరికి ఏబదిమందిని, మరుసటి యేడు నూరుగురిని సిద్ధపరచెను. గొలుసు పొడవు 33 అడుగులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల నేల ఒక గుంట. నలుబది గుంటలు ఒక ఎకరము. నేటికిని పొలము గట్టున నిలిచి గుంటలలో ఎకరములలో లెక్క చెప్పు రైతు ఈ గొలుసు కొలతనే వల్లించుచున్నాడు. కొండలు, బండలు తప్ప దారులు, ఊరి నత్తములు, చెరువు గర్భములు, ఏటి ఇసుకలు, అడవులు, బీళ్లు అన్నియు కొలతలో చేరెను. కొలగాండ్రకు నెల జీతము మాన్పి, కొలిచిన ఎకరములనుబట్టి కూలి ఏర్పరచెను. పని వేగమయ్యెను. వేగమైన పనిలో మోసమునకు చోటుండును. చేను చుట్టు నడువక గట్టుమీద కూర్చుండి అంకెలు వ్రాయువాడు రోజుకు ఎక్కువ ఎకరములు చూపును. రైతు చేతినుండి నాలుగు రూకలు పుచ్చుకొనువాడు తక్కువ ఎకరములు చూపును.

నూరుగురు కొలిచిన దానిని మరల అంతయు కొలుచుటకు మరి నూరుగురు కావలెను. వారిని తనిఖీ చేయ ఇంకెందరు? మన్రో కొలగాండ్రను మొదట ఆరు, పిదప పది జట్లుగా చేసి, జట్టునకొక పెద్దను నియమించెను. ఆ పెద్ద తన జట్టు కొలిచిన పొలములలో కొన్నింటిని తిరిగి కొలిచి పోల్చవలెను. మాగాణిలో నూటికి 5, మెట్టలో నూటికి 10 వరకు తేడా వచ్చిన సహించిరి. అంతకు మించినచో, తప్పు అశ్రద్ధవలన వచ్చినను మోసమువలన వచ్చినను, కొలగానిని పనినుండి తొలగించిరి.

ఈ చిన్న నిబంధనలో సంఖ్యాశాస్త్రపు మూలసూత్రములు ఇమిడియున్నవి. అన్నము ఉడికినదో లేదో చూచుటకు ఒక మెతుకు పట్టి చూచిన చాలునందురు. పెద్దలు దీనికి స్థాలీపులాక న్యాయమని పేరు పెట్టిరి. కుండలోని యన్నమంతయు శాస్త్రములో సమష్టి యనబడును. పట్టి చూచిన మెతుకు మచ్చు. దీనినే నమూనా యనియు అందురు. మెతుకును చూచి కుండను గూర్చి చెప్పు మాట అనుమితి. అయితే ఆ న్యాయమును ఉదహరించువారు ఇల్లాలు చేయు మొదటి పనిని మరచుచుందురు. ఆమె మెతుకు పట్టుటకు ముందు గరిటెతో కుండను అడుగంట కలియబెట్టును. అడుగున మాడి పైన పలుకుగా నున్న కుండలో పైమెతుకు పైయన్నమును గూర్చియే చెప్పును. ప్రొద్దుటూరులో ప్రత్తి కొనువాడు బోరెము మూతిదగ్గరి దూదిని చూచి ధర కట్టడు. చేయి లోపలికి దూర్చి తీయును, ఒక బోరెముతో ఆగక నాలుగైదు చూచును. అమ్మువాడు తానే ఏరి చేతికిచ్చిన దూది మచ్చు కానేరదు. అట్లే, ఏ చేను తిరిగి కొలువబడునో కొలగానికి ముందుగా తెలిసినచో ఆ ఒక్క చేను సరిగా కొలిచి, మిగిలినవి గాలికి వదలును. సమష్టిలోని ప్రతి చేనికిని తనిఖీకి వచ్చు అవకాశము సమముగా నుండవలెను.

వింతగా తోచు సంగతి యొకటి కలదు. నలుగురికి వండిన కుండకైనను, పెండ్లి గుండిగకైనను, బాగుగా కలిపినచో రుచి చూచుటకు గరిటెడే చాలును. గుండిగ పెద్దదని బిందెడు త్రాగనక్కరలేదు. మచ్చు ఎంత నమ్మదగినదను విషయము మచ్చు పరిమాణముమీదను, తీసిన తీరుమీదను ఆధారపడును గాని సమష్టి ఎంత పెద్దదను దానిమీద కాదు. ఇరువదివేల చదరపు మైళ్ల దేశమును కొద్దిమంది తనిఖీదారులు అదుపులో ఉంచగలిగిరనిన అందలి కిటుకు ఇదియే.

నూటికి 5, నూటికి 10 అను హద్దులు మరియు ఆలోచింపదగినవి. ఒకే చేనిని ఇద్దరు నిజాయితీపరులు కొలిచినను అంకెలు కలియవు. గొలుసు ఒకచోట బిగువుగా, ఒకచోట సడలి పడును. మిట్టపల్లములు కొలత మార్చును. కావున తేడా కనబడినంత మాత్రమున మోసమని చెప్పరాదు. సహజముగా రాదగిన తేడా ఎంత, అంతకు మించినదెంత యని విడదీయవలెను. మాగాణి మళ్లు చిన్నవి, గట్లు స్పష్టమైనవి, శిస్తు హెచ్చు. మెట్ట చేలు విశాలములు, హద్దులు వంకరలు. రెండింటికి రెండు హద్దులు పెట్టుటకు ఇదియే కారణమై యుండును. హద్దు మరీ బిగించిన నిర్దోషి బలియగును. మరీ సడలించిన దొంగ తప్పించుకొనును. రెండు తప్పులను ఒక్కమారు పూర్తిగా తొలగించు హద్దు లేదు. మన్రో గతించిన నూరేండ్లకు గాని ఈ విషయమును గణితజ్ఞులు శాస్త్రముగా కూర్చలేదు. మన దేశమున 1931లో ప్రశాంతచంద్ర మహలనోబిసు కలకత్తాలో భారత సంఖ్యాశాస్త్ర సంస్థను స్థాపించెను. 1950లో జాతీయ మచ్చు సర్వే ఆరంభమయ్యెను. ఆ సంస్థలో పెరిగి, మచ్చునుండి కట్టు అంచనా ఎంత సూక్ష్మము కాగలదో దానికొక ఎల్లను 1945లో నిరూపించిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో బళ్లారి జిల్లా హడగలిలో పుట్టిన తెలుగువాడు. ఆ హడగలి మన్రో కొలిపించిన దత్తమండలములలోనిదే.

కొలత ముగిసిన గ్రామమునకు ధర కట్టువారు వచ్చెడివారు. రెడ్డిని, కరణమును, రైతులను వెంటబెట్టుకొని పొలము తిరిగి, నేల గుణమునుబట్టి మెట్టను, మాగాణిని, తోటలను తరములుగా విభజించి తరమునకింత శిస్తని నిర్ణయించిరి. వారిమీదను తనిఖీదారులుండిరి, రైతుల ఆక్షేపణలు వినుటయు కలదు. సుమారు ఐదేండ్లలో ఈ మహాకార్యము ముగిసెను. మన్రో అధికారము చేసిన ఏడేండ్లలో శిస్తు రాబడి ఇంచుమించు ఒకటిన్నర రెట్లయ్యెను. కుంఫిణీ పెద్దలు సంతసించిరి.

సంతసింపనివాడు మన్రోయే. సర్వే శిస్తు మొత్తము పంటలో నూటికి 45 పాళ్లకు వచ్చుచున్నదని ఆయన లెక్క వేసెను. గొలుసు తప్పు ఒకమారు ఎక్కువ వైపు, ఒకమారు తక్కువ వైపు పడును; తనిఖీలో బయటపడును. ధర తప్పు అట్టిది కాదు. ధర కట్టువారందరు ఒకే వైపునకు, పై వైపునకే మొగ్గిరి. తనిఖీదారుడును అదే త్రాసుతో తూచినవాడగుటచే ఎన్ని మచ్చులు తీసినను ఆ మొగ్గు కనబడలేదు. త్రాసు వంకర యైనప్పుడు తూకములు పెంచుట ఉపాయము కాదు. మంచి పంట యేడు చూచిన ధర వేరు, కరవు యేడు చూచిన ధర వేరు. మెట్టసీమలో ఒక యేడు ఇంకొక యేటికి మచ్చు కాదు. 1803లో వానలు తప్పెను. 1804లో అతివృష్టికి చెరువులు, కాలువలు అనేకము తెగిపోయెను.

1807 ఆగస్టు 15న మన్రో చెన్నపట్టణపు ప్రభుత్వమునకు వ్రాసిన లేఖలో సర్వే శిస్తును నూటికి 25 వంతున తగ్గింపవలెనని సిఫారసు చేసెను. 45లో నాల్గవ వంతు తీసివేసిన ఇంచుమించు మూడవపాలు మిగులును. పంటలో మూడవపాలు మించనిచో రైతునకు నేలమీద మక్కువ కలుగును, నేలకు విలువ వచ్చును, బీళ్లు సాగుబడికి వచ్చునని ఆయన వాదము. తాను ఐదేండ్లు కష్టపడి కట్టిన లెక్క అధికమని తానే చెప్పుటకు గుండె కావలెను. ప్రభుత్వము అంగీకరింపలేదు. యుద్ధపు ఖర్చులుండెను, రాబడి వదలుకొనుటకు చేయి రాలేదు. ఆ యేడే మన్రో సెలవు పుచ్చుకొని స్వదేశమునకు పోయెను. 1808లో దత్తమండలములు బళ్లారి, కడప అని రెండు జిల్లాలయ్యెను. రైతువారీ విడిచి గ్రామములను మొదట మూడేండ్లకు, పిదప పదియేండ్లకు కవులుకిచ్చిరి. శిస్తు తగ్గలేదు, రైతునకు కచేరికి నడుమ కవులుదారు చేరెను. పాట పెంచి గ్రామము పుచ్చుకొన్నవారు బాకీపడిరి, ఆస్తులు వేలమయ్యెను, కొందరు చెరసాల పాలైరి. రైతులు ఊళ్లు విడిచిపోయిరి. పదుమూడేండ్ల తరువాత, మన్రో గవర్నరైన 1820లో గాని ఆ తగ్గింపు అమలునకు రాలేదు: మెట్టకు, మాగాణికి నూటికి 25, తోటలకు నూటికి 33. ఆ నడుమ పదుమూడు పంటలు పాత లెక్కకే కట్టబడెను.

లండనులో నున్న కాలమున మన్రో కీర్తి పెరిగెను. 1812లో వెలువడిన పార్లమెంటు సంఘపు ఐదవ నివేదికలో దత్తమండలముల పైమాయిషీకి స్థానము దక్కెను. 1813లో కుంఫిణీ సన్నదు మార్పు సందర్భమున పార్లమెంటు ఆయనను పిలిపించి, ఇంగ్లండు సరకులకు ఇండియాలో గిరాకి యుండునా యని విచారించెను. పొలము కూలివాని నెలసరి ఆదాయము 4 మొదలు 6 షిల్లింగులని, మనిషికి ఏడాది పోషణకు 18 మొదలు 27 షిల్లింగులగునని ఆయన లెక్క చెప్పెను. అంత తక్కువ రాబడి కలవారు సీమ సరకు కొనజాలరని, ఇచ్చటి నేత సీమ నేతకంటె మేలని ఆయన అనుమితి. తాను ఏడేండ్లు కప్పుకొన్న దేశవాళి శాలువ ఏమియు చెడలేదని కూడ సాక్ష్యమిచ్చెను. ఒక్క శాలువ చాలీచాలని మచ్చేగాని, దాని వెనుక ఇరువదియేడేండ్ల అనుభవమున్నది. అయినను ఆ అనుమితి నిలువలేదు. ఆవిరి యంత్రములు నూలు ధరను నేలకు దించినంతనే లంకషైరు బట్ట మన సంతలను నింపెను. ఆ దెబ్బ ఈ ప్రాంతపు మగ్గములకును తగిలెను. నిన్నటి కుండలోని మెతుకు రేపటి వంటను గూర్చి చెప్పజాలదు.

1814లో వివాహమాడి మరల చెన్నపట్టణము వచ్చి, న్యాయస్థానముల సంస్కరణకు నియమింపబడిన సంఘమునకు పెద్దయై, మరాఠా యుద్ధమున సేనానియై, 1820 జూనులో మద్రాసు గవర్నరయ్యెను. ఆ యేడు కుర్ర ఉద్యోగుల పరీక్షల సభలో దేశభాషలు నేర్వవలెనని ఆయన చేసిన ఉపన్యాసము విన్నవారిలో చార్లెసు ఫిలిప్పు బ్రౌను ఒకడు. నెలలలోనే బ్రౌను కడపకు వచ్చెను. తెలుగునకు జరిగిన మేలు అందరెరిగినదే.

గవర్నరుగా మన్రో తలపెట్టిన లెక్కలలో మిక్కిలి గొప్పది, గ్రంథాలయ పాఠకులు తప్పక తెలియదగినది, బడుల లెక్క. 1822 జూను 25న రాజధానిలోని కలెక్టర్లందరిని ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నవి, ఎందరు పిల్లలు చదువుచున్నారు, ఏ కులములవారు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరని అడిగించెను. జనసంఖ్యను కూడ పంపుమనెను. జవాబులు వచ్చుటకు మూడేండ్లు పట్టెను. అన్నియు కూడిన 12,498 బడులు, 1,28,50,941 జనము తేలెను. వేయిమందికి ఒక బడి యన్నమాట.

ఈ సగటు చూచి కడప జిల్లావారు సంతోషింపరాదు. కడప జిల్లాలో 10,94,460 జనమునకు 494 బడులు మాత్రమే. అనగా 2,200 మందికి పైగా ఒకటి. బళ్లారిలో 9,27,857 జనమునకు 533 బడులు, 6,641 మంది పిల్లలు. వేయిమందికి ఇంచుమించు ఏడుగురే. తక్కిన జిల్లాలలో బడులు దట్టముగా నుండుటచే సగటు పైకి లేచినది. సగటు లోతు మోకాలిబంటియని విని ఏటిలో దిగినవాడు మునిగిన కథ ఇట్టిదే. అయితే అంకెకు వెలుపల నిలిచిన సంగతియు నొకటి కడప కలెక్టరు వ్రాసెను: ప్రభుత్వము పోషించు ఉన్నత విద్యాలయములు లేకున్నను, పండితులు తమ యిండ్లలో ఉచితముగా శాస్త్రములు చెప్పుచున్నారని, పొరుగూళ్లనుండి వచ్చిన పిల్లలు ఆయా గ్రామముల బ్రాహ్మణ గృహములలో భిక్షతో చదువుకొనుచున్నారని. బడి యని పేరులేని చోట జరుగు చదువును బడుల పట్టీ ఎట్లు చూపగలదు?

మన్రో ఆ ప్రశ్న వేసికొనెను. 1826 మార్చి 10 నాటి తన నివేదికలో ఆయన నడిపిన తర్కము నేటి విద్యార్థులకు పాఠముగా చెప్పదగినది. ఆడపిల్లలలో బడికి వచ్చువారు లేరనదగినంత తక్కువ. కావున జనములో సగమును ప్రక్కకు తీసెను. ఐదేండ్లకు పదేండ్లకు నడిమి మగపిల్లలు మగవారిలో తొమ్మిదవ వంతని గ్రహించిన 7,13,000 మంది తేలిరి. బడులలో నున్నవారు 1,84,110. అనగా నాల్గవ వంతునకు కొంచెము పైగా. ఇక ఇంటి చదువు. దీని లెక్క సరిగా వచ్చినది చెన్నపట్టణమునుండి మాత్రమే: ఇండ్లలో చదువు పిల్లలు 26,963 మంది, బడులలోని వారికి ఐదు రెట్లకు మించి. తొందరపడువాడు రాజధానియంతటికి ఐదు రెట్లు కట్టి, పిల్లలందరు చదువరులే యని చాటియుండును. మన్రో అట్లు చేయలేదు. ఆ అంకెలో పొరపాటుండవచ్చునని అనుమానించెను. పట్టణము పల్లెకు మచ్చు కాదనుకొనెను. పల్లెలలోను ఇంటి చదువు ఎంతో కొంత యుండును గావున దానిని సున్న చేయుటయు తప్పే యనెను. చదువుకొను మగపిల్లలు నాల్గవ వంతుకంటె మూడవ వంతునకే దగ్గరగా నుందురని తేల్చెను. తేలినంతవరకే చెప్పి, తేలని దానిని ఇంతలో అంతలో నుండునని హద్దులు చూపి వదలెను. ఆ మూడవ వంతులో ఆడపిల్ల లెక్కకు రాలేదను సంగతి అంకె చూచునపుడు మరువరానిది. కడజాతులనబడిన వారి పిల్లలకు ఆ బడులలో చోటు దాదాపు లేదనునదియు నంతే.

లెక్కతో ఊరకుండక జిల్లాకు రెండు పెద్ద బడులు, తాలూకాకొక బడి చొప్పున పెట్టుటకు ఏర్పాటు చేసెను. మరుసటి యేడే ఆయన మరణించెను; పిదప వచ్చినవారు శ్రద్ధ చూపలేదు, తాలూకా బడులు పదేండ్లలో మూతపడెను. 

1827లో మన్రో స్వదేశమునకు పోవ నిశ్చయించుకొని, చివరిమారు దత్తమండలములు చూచిరావలెనని బయలుదేరెను. వాంతిభేది చెలరేగిన వేసవి యది. జూలై 6న పత్తికొండలో ఆ జాడ్యము సోకి ఆ దినమే మరణించెను. వేంపల్లె దాపునగల గండిలో పాపఘ్ని కొండలను చీల్చుకొని పారుచోట ఆకాశమున బంగారు తోరణము ఆయనకు కనబడెనని, అది కనబడినవారికి ఆయువు తీరినట్లేనని, అందువలననే ఆయన త్వరలో గతించెనని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. తోరణము కనబడి బ్రతికినవారి లెక్కను, కనబడకయే ఆ వేసవి వాంతిభేదితో పోయినవారి లెక్కను ఎవరును వ్రాసియుంచలేదు.

దేహమును గుత్తిలో పూడ్చి, 1831లో అస్థులను చెన్నపట్టణపు కోటలోని దేవాలయమునకు తరలించిరి. చాంట్రీ యను శిల్పి పోతపోసిన గుర్రపుస్వారి విగ్రహము, జీను లేనిది, ఆ నగరమున నిలిచియున్నది. పత్తికొండలో ఆయన పేర మెట్లబావి కట్టించి తోపు నాటించిరి. గుత్తిలో బాటసారులకు సత్రము వెలసెను.